విమాన ప్రమాదములు: దైవమా? పురుషదోషమా?

2025 జూన్ 12వ తేదీ మధ్యాహ్నమున అహమ్మదాబాదు నుండి లండనునకు బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము, నేలను వీడి నిమిషమైన గడవకమునుపే యొక వైద్యకళాశాల వసతిగృహములపై కూలిపోయెను. విమానములో నున్న 242 మందిలో 241 మందియు, నేలపై నున్నవారిలో 19 మందియు మరణించిరి. ఒక్కడు మాత్రము తన కాళ్లపై నడచి బయటకు వచ్చెను. ఆ దినమున మన యిండ్లలో రెండు మాటలు వినబడెను. చచ్చినవారిని గూర్చి “వారి యాయువు తీఱిన” దనిరి. బ్రతికినవానిని గూర్చి “వాని యాయువు గట్టి” దనిరి. దుఃఖములో నున్న మనుష్యునకు ఊఱట కావలెను గనుక ఈ మాటలు పుట్టినవి. వీనిని నిందింప నవసరము లేదు. కాని యొక జాతి తన విమానములను, తన రన్‌వేలను, తన చోదకుల విశ్రాంతిని ఈ రెండు మాటలపై నడపజాలదు.

ప్రమాదమునకు కారణము దైవమైనచో మనము చేయదగినది శాంతిహోమము తప్ప మఱొకటి లేదు. పురుషదోషమైనచో చేయదగినది బహుళముగా గలదు. గడచిన డెబ్బది సంవత్సరములలో లోకమున జరిగిన పెద్ద ప్రమాదముల విచారణలను చదివినవారికి ఈ రెండింటిలో ఏది సత్యమో సందేహము మిగులదు. విమానము లాకాశమునుండి ఊరక యూడిపడవు. ఒక్కొక్కటి చిన్నదిగా దోచు లోపములు నాలుగైదు గొలుసుకట్టుగా గూడినపుడే అవి పడును. ఆ గొలుసులో నేదో యొక కొక్కెమును సకాలమున నెవరైన విప్పినచో విమానము క్షేమముగా దిగును. ఆ విప్పగలిగినవాని నోరు మూయబడుటయే పెక్కు మరణములకు హేతువని చెప్పుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

భయమునకు తగిన కొలత

ముందుగా భయమునకొక కొలత యుండవలెను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు చెందిన ఆర్నాల్డ్ బార్నెట్ పండితుడు వేసిన లెక్కను బట్టి, 1968 మొదలు 1977 వఱకు లోకమున విమాన మెక్కిన ప్రతి 3 లక్షల 50 వేల మందికి ఒకరు ప్రమాదమున మరణించుచుండిరి. 2018 మొదలు 2022 వఱకు ఈ సంఖ్య 1 కోటి 37 లక్షల మందికి ఒకరుగా దిగెను. అనగా అపాయము సుమారు నలువదవ వంతునకు తగ్గెను. మన రోడ్లపై 2022వ సంవత్సర మొక్కదానిలోనే 1,68,491 మంది మరణించిరి. హైదరాబాదులో విమాన మెక్కి అమెరికాలోని కొడుకునో కూతునో చూడబోవు తల్లిదండ్రులకు, తమ యూరినుండి విమానాశ్రయమునకు పోవు దారియే పయనములో మిక్కిలి యపాయకరమైన భాగము.

ఐనను ఈ నలువది రెట్ల క్షేమము దానంతట నది రాలేదు. ప్రతి ప్రమాదము తరువాతను శిథిలములను ఏఱి, బ్లాక్ బాక్సును విప్పి, చచ్చినవారి తుదిమాటలను విని, మఱల నట్టిది జరుగకుండ నిబంధనలు వ్రాసినందున అది వచ్చెను. ఆ నిబంధనలలో ప్రతి పంక్తియు నెత్తుటితో వ్రాయబడినది. దానిని మఱచిన నాడు పాత లెక్కలు మఱల వచ్చును.

యంత్రము, ప్రకృతి

ప్రమాదములకు గల కారణములను యంత్రము, ప్రకృతి, మనుష్యుడు అని మూడుగా విభజింతురు. పరిశీలించినచో మొదటి రెండింటిలోను మూడవదియే దాగియుండును.

1985 ఆగష్టు 12వ తేదీన జపాను దేశపు బోయింగ్ 747 విమాన మొకటి పర్వతములపై కూలగా 524 మందిలో 520 మంది మరణించిరి. ఒకే విమానము కూలిన ప్రమాదములలో నింతమంది మరణించినది మఱొకటి లేదు. విమానముయొక్క వెనుకభాగమున గాలిపీడనమును నిలుపు గోడ పగిలి, తోకను ఎగురగొట్టెను. ఆ గోడ యేల పగిలెను? ఏడేండ్లకు ముందు, 1978లో, ఆ విమానపు తోక దిగునపుడు నేలకు రాచుకొనగా మరమ్మతు చేసిరి. ఆ మరమ్మతులో రెండు వరుసల రివెట్లు పట్టవలసినచోట ఒక వరుసయే పట్టెను. వేలకొలది పయనములు ఆ లోపమును మోసిన పిమ్మట ఒకనాడు లోహ మలసి విఱిగెను. దీనిని యంత్రదోష మందుమా, మరమ్మతు చేసినవాని దోష మందుమా?

నిన్నమొన్నటి బోయింగ్ 737 మాక్స్ కథయు నిట్టిదే. విమానముయొక్క ముక్కు ఎంత పైకెత్తియున్నదో కనిపెట్టు పరికర మొకటి తప్పు చెప్పగా, దాని యొక్క మాటనే నమ్మిన స్వయంచాలక యంత్రాంగము విమానమును మఱల మఱల క్రిందికి త్రోసెను. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది బలియైరి. ఒక్క సాక్షి మాటను సరిచూడకయే మరణశిక్ష విధించుట న్యాయము కాదు. అట్టి న్యాయము నొక యంత్రములో నమర్చినది మనుష్యుడే.

ఇక ప్రకృతి. పొగమంచు, తుపాను, ఎదురుపడు పక్షులు మన చేతిలోనివి కావు. 2009 జనవరి 15వ తేదీన న్యూయార్కులో పైకి లేచిన విమానముయొక్క రెండు ఇంజనులును బాతుల గుంపు తగిలి శక్తి కోల్పోయెను. చోదకుడు సలెన్‌బర్గర్ దానిని హడ్సన్ నదిపై దింపగా 155 మందియు బ్రతికిరి. 2024 డిసెంబరు 29వ తేదీన దక్షిణ కొరియాలో పక్షుల తాకిడికి లోనైన మఱొక విమానము చక్రములు దిగకయే నేలపై రాచుకొనుచు పోయి, రన్‌వేకు ఆవల నున్న కాంక్రీటు కట్టడమును గ్రుద్దుకొనగా 181 మందిలో ఇద్దరే మిగిలిరి. పక్షులను పంపినది ప్రకృతియే కావచ్చును. కాని ఆ కాంక్రీటును అచట పోసినది ప్రకృతి కాదు.

వినబడని మాట

ఇపుడు మూడవదానికి వత్తము. విమానయాన చరిత్రలో నెల్లప్రమాదములకంటె ఘోరమైనది ఆకాశమున జరుగలేదు, నేలపై జరిగెను. 1977 మార్చి 27వ తేదీన స్పెయిను దేశపు టెనెరిఫె ద్వీపములో పొగమంచు క్రమ్మిన రన్‌వేపై రెండు బోయింగ్ 747 విమానములు ఢీకొని 583 మంది మరణించిరి. డచ్చి విమానపు ప్రధాన చోదకుడు తన సంస్థలో ఇతరులకు శిక్షణ నిచ్చు పెద్ద. అనుమతి రాకమునుపే ఆయన విమానమును పరుగెత్తించెను. ఎదుటి విమానము రన్‌వే విడిచినదా యని వెనుక కూర్చున్న ఇంజనీరు సందేహము వెలిబుచ్చెను. విడిచినదని పెద్ద గట్టిగా చెప్పగా, చిన్న ఊరకుండెను. కొలది క్షణములలో ఎదుటి విమానము మంచులోనుండి కనబడెను.

ఆ ఘోరము పిమ్మట లోకమునందలి విమాన సంస్థలు ఒక క్రొత్త ధర్మమును నేర్చుకొనెను. ప్రధాన చోదకుడు రాజు కాదు. సహచోదకుడు సేవకుడు కాదు. అపాయమును చూచినవాడు చెప్పితీఱవలెను, విన్నవాడు వినితీఱవలెను. ఈ శిక్షణ ఫలించిన తీరు 1989 జూలై 19వ తేదీన అమెరికాలోని సూసిటీలో కనబడెను. తోకలోని ఇంజను పగిలి, విమానమును నడపు సాధనము లన్నియు నొక్కసారిగా చచ్చినవి. ప్రధాన చోదకుడు ఆల్ హేన్స్ తన సహచరుల మాటలనే కాక, ప్రయాణికుడుగా వచ్చిన మఱొక చోదకుని సాయమును గూడ గైకొనెను. మిగిలిన రెండు ఇంజనుల వేగమును హెచ్చించుచు తగ్గించుచు, నలుగురును గూడి ఆ విమానమును రన్‌వే వఱకు తెచ్చిరి. అది విఱిగి మండినను 296 మందిలో 184 మంది బ్రతికిరి.

ఆ ధర్మమును మనదేశమున మన మెంతవఱకు నేర్చితిమి? 2010 మే 22వ తేదీ తెల్లవాఱుజామున దుబాయి నుండి మంగుళూరునకు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము వచ్చుచుండెను. మంగుళూరి విమానాశ్రయము గుట్టపై చదునుచేసి కట్టినది. రన్‌వే దాటినచో లోయయే. ప్రధాన చోదకుడు పయనములో గంటన్నరకు పైగా నిద్రించి, దిగువేళకు మేల్కొనెను. విమానము ఉండవలసిన యెత్తుకంటె మిక్కిలి హెచ్చున నుండెను. దిగవద్దు, మఱల పైకి లేపుమని సహచోదకుడు మూడు మాఱులు చెప్పెను. ఆ మాట చెల్లలేదు. 8,033 అడుగుల రన్‌వేపై సుమారు 5,200 అడుగులు దాటిన పిదప చక్రములు నేల తాకెను. విమానము లోయలోబడి మండెను. 166 మందిలో 158 మంది మరణించిరి.

పదేండ్లు గడచెను. విచారణ నివేదిక అచ్చుపడెను. సిఫారసులు వ్రాయబడెను. 2020 ఆగష్టు 7వ తేదీ రాత్రి, వానలో, అదే సంస్థకు చెందిన మఱొక విమానము, అదే దుబాయి నుండి, అట్టిదే యగు గుట్టపై నున్న కోళికోడు విమానాశ్రయమునకు వచ్చెను. వెనుకనుండి గాలి తోయుచుండగా విమానము 8,858 అడుగుల రన్‌వేలో సగము గడచిన పిదప నేల తాకెను. దిగవద్దని ఈమాఱును సహచోదకుడు చెప్పెను. ఈమాఱును ఆ మాట చెల్లలేదు. విమానము కొండవాలున బడి ముక్కలయ్యెను. ఇద్దరు చోదకులతో గూడ 21 మంది మరణించిరి.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చదువుడు. ఊరు మాఱెను, వాన వచ్చెను, లెక్కలు మాఱెను. దోషము మాత్రము మాఱలేదు. ధృతరాష్ట్రునకు హితము చెప్పిన విదురుడు తమ్ముడు, పదవిలో తక్కువవాడు. చెప్పవలసినది చెప్పెను. అంధుడైన యన్న వినెను గాని చేయలేదు. ఆ కథను వేల యేండ్లుగా పురాణశ్రవణము చేయుచున్న మనము, విమానపు ముందుగదిలో కూర్చున్న విదురుని మాట కింత విలువ నీయమేల? పెద్దవాని మాటకు మాఱుమాట యాడరాదను మర్యాద మన యింటిలో శోభించును. రన్‌వే చివర నున్న లోయకు ఆ మర్యాద తెలియదు.

ఇది గాక, చిన్న యలజడి పెద్ద యపాయమును మఱపించుట గూడ గలదు. 1972 డిసెంబరులో అమెరికాలోని ఫ్లారిడా చిత్తడినేలలలో నొక విమానము కూలి 101 మంది మరణించిరి. కాలిపోయిన యొక చిన్న దీపమును గూర్చి చోదకు లందఱు తర్కించుచుండగా విమానము మెల్లగా క్రిందికి దిగుచున్నదని యెవరును చూడలేదు. మన తెలుగునేల 2009 సెప్టెంబరు 2వ తేదీని మఱవజాలదు. ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారిని, వారితో నున్న నలుగురిని బలిగొన్న నల్లమల హెలికాప్టరు ప్రమాదమున, చెడు వాతావరణము చుట్టుముట్టుచున్న వేళ చోదకులు చమురును గూర్చిన హెచ్చరికను సరిచూచుకొనుటలో కొన్ని నిమిషములు మునిగియుండిరని విచారణసంఘము తెల్పెను. 2002లో కైకలూరు సమీపమున లోకసభాధ్యక్షులు బాలయోగిగారిని, 2004లో బెంగుళూరు సమీపమున నటి సౌందర్యను ఇట్టి యానములే మననుండి గొనిపోయెను. హెలికాప్టరులకు, ఎన్నికల ప్రచారమున వాడు చిన్న విమానములకు, నియమితవేళలకు నడచు పెద్ద విమానముల క్షేమము లేదు. “నాయకుడు వేచియున్నాడు, సభ వేచియున్న” దను తొందర మబ్బులను తొలగింపదు.

బ్రతుకుటకు గల యవకాశము

విమానము కూలినచో నెవరును బ్రతుకరన్నది మఱొక భ్రమ. అమెరికా ప్రభుత్వముయొక్క రవాణా క్షేమసంఘము 1983 మొదలు 2000 వఱకు ఆ దేశపు విమానసంస్థలకు జరిగిన 568 ప్రమాదములను పరిశీలించెను. వానిలో చిక్కిన 53,487 మందిలో 51,207 మంది, అనగా నూటికి 95 మందికి పైగా, బ్రతికిరి. నిప్పంటుకొని, విమానము పాడై, గట్టి దెబ్బలు తగిలిన ఘోరప్రమాదములను మాత్రమే యేఱి చూచినను సగముకంటె నెక్కువమందియే బ్రతికిరి. నిట్టనిలువుగా నేలను తాకినచో నెవరేమి చేసినను ఫలము లేదు. కాని పెక్కు ప్రమాదములు దిగునపుడో లేచునపుడో, నేల చెంతనే, జరుగును. వానిలో దెబ్బయే కాక పొగయు మనుష్యులను చంపును.

మంగుళూరిలో మంట లేచెను, ఎనమండుగురు మిగిలిరి. కోళికోడున విమానము మూడు ముక్కలైనను మంట లేవలేదు. చుట్టుప్రక్కల పల్లెవాసులు వానలో, కరోనా భయమును సైతము లెక్కింపక, పరుగున వచ్చి క్షతగాత్రులను మోసికొనిపోయిరి. 169 మంది మిగిలిరి. జపాను ప్రమాదమున సాయము మఱునాటి యుదయమున గాని చేరలేదు. కూలినప్పుడు బ్రతికియుండి రాత్రిలో మరణించినవారు కొందఱు గలరని మిగిలినవారు చెప్పిరి. కావున సాయము చేరు వేగము గూడ ఆయుర్దాయములో నొక భాగమే.

1985 ఆగష్టు 22వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరున నొక విమానము నేలను విడువకమునుపే ఇంజనునుండి నిప్పు లేచెను. విమానము ఆగినది, తలుపులు తెఱచిరి. ఐనను 137 మందిలో 55 మంది, మిక్కిలి భాగము పొగచేతనే, మరణించిరి. ఆ పిమ్మటనే నడవ నేలపై దారిచూపు దీపములు, నిప్పుకు తాళు సీట్లు, అత్యవసర ద్వారముల చెంత వెడల్పైన చోటు ఏర్పడెను. సగము తలుపులు మూసియున్నను 90 సెకండ్లలో నిండు విమానము ఖాళీ కావలెనను నియమము గలదు. ఆ నియమమునకు మనుష్యులు తోడ్పడినచో నేమగునో 2024 జనవరి 2వ తేదీన టోకియో నగరపు హానెడా విమానాశ్రయమున లోకము చూచెను. దిగుచున్న పెద్ద విమానము రన్‌వేపై నున్న చిన్న విమానమును ఢీకొని మండెను. చిన్న విమానములోని ఆఱుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్ద విమానములోని 379 మందియు, విమానము పూర్తిగా దగ్ధమగుటకు ముందే, బయటపడిరి. సిబ్బంది మాట విని, పెట్టెలు సంచులు లోపలనే విడిచి దిగుటయే వారిని కాపాడెను. తలపై నున్న సంచికొఱ కొక్కడు నిలిచినచో వాని వెనుక నున్న ఇరువదిమంది పొగ త్రాగుదురు.

తెలియకపోవుట యెట్లు చంపునో 1996 నవంబరులో కొమొరోస్ ద్వీపముల చెంత కనబడెను. దుండగులు బలవంతముగా దారిమళ్లించిన ఇథియోపియా విమానము చమురు లేక సముద్రమున దిగెను. తొందరపడి లోపలనే లైఫ్ జాకెట్టును ఊదుకొన్నవారిలో పెక్కండ్రు నీరు నిండగానే పైకప్పునకు తేలి, ద్వారమును చేరలేక మునిగిపోయిరి. జాకెట్టును వెలుపలికి వచ్చిన పిదపనే ఊదవలెనని సిబ్బంది ప్రతి పయనములోను చెప్పుదురు. అపుడు మనము ఫోనులో తల దూర్చియుందుము.

కావున ప్రయాణికుడు చేయదగినవి కొలదియే గాని చిన్నవి కావు. ఎక్కగానే తన వరుసనుండి ముందు వెనుకల ద్వారములకు ఎన్ని వరుసలో లెక్కించుకొనవలెను. పొగలో కన్నులు పనిచేయవు, చేతివ్రేళ్లు పనిచేయును. లేచువేళను దిగువేళను చెప్పులు విడువరాదు, నిద్రింపరాదు. సీటు బెల్టు బిగించి, చెప్పినపుడు తల వంచి కూర్చుండవలెను. పొగ క్రమ్మినచో వంగి నడువవలెను. ఏ సీటు క్షేమమని మనవా రడుగుదురు. వెనుక సీట్లని కొందఱందురు గాని, ప్రతి ప్రమాదమునకు నొకే తీరు లేదు. ద్వారమునకు ఐదాఱు వరుసలలోపల నుండుట మేలను మాట మాత్రము యుక్తముగా నున్నది.

ప్రజలు కోరవలసినది

అహమ్మదాబాదు ప్రమాదమును గూర్చి 2025 జూలైలో వెలువడిన ప్రాథమిక నివేదిక యొక సంగతి చెప్పెను. విమానము లేచిన వెంటనే రెండు ఇంజనులకు చమురు నిచ్చు మీటలు ఒకదాని వెంట నొకటి, ఒక సెకండు వ్యవధిలో, ఆపివేయు స్థానమునకు మాఱెను. ఎందువలన మాఱెనో అది చెప్పలేదు. ఐనను మఱునాటికే కొందఱు చచ్చిన చోదకులను దోషులనిరి, కొందఱు యంత్రమును చేసినవారి ననిరి. బదులు చెప్పలేని మృతులపై నేరము మోపుట సులభము. బలవంతులపై మోపుట రుచికరము. రెండును విచారణ కావు. ప్రమాద విచారణ మొకనిని శిక్షించుటకు గాక, మఱియొక ప్రమాదమును నివారించుటకే యని అంతర్జాతీయ నిబంధన చెప్పుచున్నది. ఆ మాటలో గొప్ప ధర్మము గలదు. శిక్షకు భయపడువాడు తన లోపమును దాచును. దాచబడిన లోపము మఱొక విమానములో నెక్కును.

గల్ఫు దేశములకు కూలికై పోవు మన కరీంనగరము, కడప, గోదావరి ప్రాంతముల బిడ్డలు ఈ విమానములలోనే పోవుచున్నారు. వారి పక్షమున ప్రజలు ప్రభుత్వమును కోరవలసినవి నాలుగు. విచారణ నివేదికలు పూర్తిగా, సకాలమున వెలువడవలెను. గుట్టలపై నున్న రన్‌వేల చివర, జాఱిన విమానమును నిలుపు ఏర్పాట్లు ఖర్చునకు వెనుదీయక చేయవలెను. రాత్రులు మేల్కొని నడపు చోదకులకు విశ్రాంతి కాగితముపై గాక కన్నులకు దొరకవలెను. దిగవద్దని చెప్పిన సహచోదకుని మాట చెల్లునట్లు సంస్థలు శిక్షణ నీయవలెను. చెప్పినవానికి కీడు కలుగకుండ కాపాడవలెను.

గాలిలో దీపము పెట్టి “దేవుడా, నీ మహిమ” యనుట భక్తి కాదని మన పెద్దలు సామెతలోనే చెప్పిరి. దీపమునకు ముందు గాజుచిమ్నీ నమర్తము. చేతు లటుపై జోడింతము.